టెస్ట్ సర్వర్‌లో ఉన్నది ఎవరి ఫోన్ నంబరు?

అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఒక కంపెనీ సంగతి కంఠతా వచ్చు. అందులో ఉద్యోగులు 14 మంది. పెద్దాయన పేరు కింగ్, జీతం 5,000. ఆయన పైన మేనేజర్ లేడు కాబట్టి ఆ గడి ఖాళీ. స్మిత్ గుమస్తా, జీతం 800. అదే ఈఎంపీ టేబుల్. 14 వరుసలు, 8 కాలమ్‌లు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల్లో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్నా ఎస్‌క్యూఎల్ మొదటి క్లాసు దాంతోనే మొదలవుతుంది. నేను నేర్చుకున్నప్పుడూ అంతే.

ఆ టేబుల్‌ను ఎన్నిసార్లు డ్రాప్ చేసినా ఎవరికీ ఏమీ కాదు. స్మిత్‌కు ఫోన్ నంబరు లేదు, ఆధార్ లేదు, ఊరు లేదు. స్క్రిప్ట్ ఇంకోసారి రన్ చేస్తే 14 మందీ మళ్లీ వచ్చి కూర్చుంటారు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి టేబుల్ ఉండదు. కాకపోతే, ఉద్యోగంలో చేరాక మీ చేతికొచ్చే టేబుల్‌లో ఉండేది స్మిత్ కాదు. కరీంనగర్‌లో చీటీ కట్టే అత్తయ్య, గుంటూరులో షుగర్ మందులు కొనే తాతయ్య, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి ఈఎంఐ కడుతున్న మీలాంటి కుర్రాడు.

ఆ టేబుల్ మీ చేతికి ఎలా వస్తుంది? చాలాసార్లు చాలా మామూలు పని రూపంలో వస్తుంది. టీమ్ లీడ్ సాయంత్రం ఆరింటికి బ్యాగు సర్దుకుంటూ అంటాడు: ‘‘యూఏటీలో డేటా పాతదైపోయింది. రాత్రికి ప్రొడక్షన్ డంప్ తీసి అందులో పెట్టెయ్, పొద్దున టెస్టర్లు మొదలుపెడతారు.’’ దీన్నే ఇండస్ట్రీలో రిఫ్రెష్ అంటారు. చిన్న పని కాబట్టి కొత్తవాళ్లకు ఇస్తారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఇది చిన్న పని కాదు. వేరేవాళ్ల జీవితాల వివరాలు ఒక ఫ్రెషర్ చేతికి మొదటిసారి మొత్తంగా వచ్చేది ఇక్కడే. ఆ డేటాను ఉన్నదున్నట్టు టెస్ట్ సర్వర్‌లో పెట్టకూడదన్న సంగతి టూల్ నేర్చుకునేలోపే నేర్చుకోవాలి.

కమాండ్ అందరికీ వచ్చు

ముందు సంగతి సూటిగా. ఒక సాఫ్ట్‌వేర్‌కు మామూలుగా మూడు ఇళ్లుంటాయి. డెవలపర్లు కోడ్ రాసుకునేది డెవ్. టెస్టర్లు, కస్టమర్ తరఫువాళ్లు పరీక్షించేది టెస్ట్ లేదా యూఏటీ. నిజమైన వ్యాపారం నడిచేది ప్రొడక్షన్. ప్రొడక్షన్‌లో రోజూ కొత్త కస్టమర్లు, కొత్త ఆర్డర్లు, కొత్త చిక్కులు చేరుతుంటాయి. టెస్ట్‌లో మాత్రం ఆరు నెలల కిందటి డేటానే ఉంటుంది. పాత సిలబస్‌తో మాక్ టెస్ట్ రాసి అసలు పరీక్షకు వెళ్లినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే అప్పుడప్పుడూ ప్రొడక్షన్ కాపీ తీసి టెస్ట్‌లో పెడతారు. అవసరం నిజమైనదే, అందులో తప్పులేదు.

డీబీఏ, శాప్ బేసిస్, సేల్స్‌ఫోర్స్ అడ్మిన్, డెవాప్స్ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది: ‘‘ప్రొడక్షన్ నుంచి టెస్ట్‌కు రిఫ్రెష్ ఎలా చేస్తారు?’’ మన దగ్గర జిరాక్స్ షాపుల్లో దొరికే స్పైరల్ బైండింగ్ నోట్స్‌లోనూ దానికి జవాబుంది. ఒరాకిల్ అయితే ఆర్‌మ్యాన్ డూప్లికేట్, లేదంటే డేటా పంప్‌తో ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్. పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ డంప్, పీజీ రీస్టోర్. శాప్ అయితే సిస్టమ్ కాపీ. సేల్స్‌ఫోర్స్ అయితే శాండ్‌బాక్స్ రిఫ్రెష్ బటన్.

ఈ జవాబు తప్పు కాదు. కానీ పక్క కుర్చీలో ఉన్న పదిమందీ ఇదే చెబుతారు. అసలు పని తెలిసినవాళ్లు కమాండ్‌కు ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటారు. కాపీ ఎటునుంచి ఎటు వెళ్తోంది? అందులో ఎవరి వివరాలున్నాయి? కాపీ అయ్యాక అది బయట ఎవరితో మాట్లాడుతుంది?

మొదటి ప్రశ్న: ఎటునుంచి ఎటు?

వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది. ఆర్‌మ్యాన్‌నే తీసుకోండి. డూప్లికేట్ కమాండ్‌లో ‘టార్గెట్’ అంటే మీరు కాపీ చేసుకునే అసలు డేటాబేస్, అంటే ప్రొడక్షన్. కొత్తగా తయారయ్యేదాన్ని ‘ఆక్సిలరీ’ అంటారు. ఇంగ్లిష్ తెలిసిన ఎవరైనా టార్గెట్ అంటే గమ్యం అనే అనుకుంటారు. ఇక్కడ అర్థం తిరగబడింది. రాత్రి ఒంటిగంటకు నిద్రకళ్లతో పనిచేసేటప్పుడు ఈ ఒక్క మాట చాలు కొంపలు ముంచడానికి. డేటా పంప్‌లోనూ ఇలాంటి గొయ్యి ఉంది. టేబుల్ ఇప్పటికే ఉంటే దాన్ని తీసేసి కొత్తది పెట్టమనే ఆప్షన్ ఇచ్చి, పొరపాటున వేరే సర్వర్‌కు కనెక్ట్ అయి ఉంటే ఇక చెప్పేదేముంది!

ఎటు ఉన్నామో చూసుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే గిట్‌ల్యాబ్ కథ చదవాలి. 2017 జనవరి 31 రాత్రి ఆ సంస్థ ఇంజినీరు ఒకరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ తుడిచేస్తున్నాననుకుని, అసలు ప్రొడక్షన్ సర్వర్‌లో తుడిచేశారు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌ల కోసం వెతికితే పనికొచ్చేది ఒక్కటీ సిద్ధంగా లేదు. రోజూ తీయాల్సిన బ్యాకప్, వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతోంది. చివరికి వాళ్లను కాపాడింది ఏమిటో తెలుసా? దాదాపు ఆరు గంటల ముందు స్టేజింగ్‌లో టెస్టింగ్ కోసం ఒక ఇంజినీరు తీసుకున్న ప్రొడక్షన్ కాపీ. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాల మీద దెబ్బ పడింది.

ఈ కథను ‘టెస్ట్ కాపీ ఉంటే బ్యాకప్ ఉన్నట్టే’ అని అర్థం చేసుకోవద్దు. అది అదృష్టం. నేర్చుకోవాల్సింది వేరే. ఏ కమాండ్ కొట్టేముందైనా మీరున్న సర్వర్ పేరు, డేటాబేస్ పేరు స్క్రీన్ మీద చూసి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కాలి. ప్రొడక్షన్ విండోకు ఎర్ర రంగు పెట్టుకోవడం కొందరికి నవ్వొచ్చే అలవాటు. కానీ అది ఉద్యోగాలను కాపాడే అలవాటు. ఇంకా మంచిది, రిఫ్రెష్‌కు వాడే ఖాతాకు ప్రొడక్షన్‌లో చదివే హక్కు తప్ప రాసే హక్కు ఇవ్వకపోవడం. అప్పుడు చెయ్యి జారినా తలుపు తెరుచుకోదు.

రెండో ప్రశ్న: ఎవరి వివరాలు?

ప్రొడక్షన్ సర్వర్‌కు కాపలా గట్టిగా ఉంటుంది. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లెక్క ఉంటుంది. అదే డేటా టెస్ట్‌కు రాగానే కాపలా సగం తగ్గిపోతుంది. టీమ్ అంతటికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ చాట్ గ్రూపులో పిన్ చేసి ఉంటుంది. కాంట్రాక్టు మీద వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఖాతాలు తెరిచే ఉంటాయి. బంగారం బీరువాలోంచి తీసి వరండాలో పెట్టినట్టే కదా?

‘టెస్టే కదా’ అనే మాట ఎంత ఖరీదైనదో మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థకే తెలిసొచ్చింది. 2024 జనవరిలో ఆ సంస్థే బయటపెట్టిన సంగతి ఇది. హ్యాకర్లు మొదట దూరింది ఒక పాత టెస్ట్ ఖాతాలోకి. మామూలు పాస్‌వర్డ్‌లను వరసగా ప్రయత్నించి దాన్ని తెరిచారు. దానికి రెండో అంచె రక్షణ లేదు. అక్కణ్నుంచి మెల్లగా సంస్థ పెద్దల ఈమెయిళ్ల దాకా వెళ్లారు. అందరూ మర్చిపోయిన పెరటి గుమ్మమే వాళ్లకు దారైంది.

బయటకు పోయిన వివరాలు ఎక్కడికి చేరతాయో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్నవాళ్లను పట్టుకున్నారు. వారం పది రోజులు గడిచాయో లేదో, ఏప్రిల్ 1న 66.9 కోట్ల వ్యక్తులు, సంస్థల వివరాలు దగ్గర పెట్టుకున్న మరో వ్యక్తిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. అందులో విద్యార్థుల డేటా కూడా ఉంది. అవన్నీ టెస్ట్ సర్వర్ల నుంచే పోయాయని నేననడం లేదు. ఇలాంటి వివరాలకు బజారు ఉంది, కొనేవాళ్లున్నారు, రేటు ఉంది అంటున్నాను. గుమ్మం తెరిచి పెడితే వచ్చేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

చట్టం కూడా వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఏ పని కోసం వివరాలు తీసుకున్నారో ఆ పనికే వాడాలన్నది ఈ చట్టం ఆయువుపట్టు. మందులు ఇంటికి తెప్పించుకోవడానికి ఇచ్చిన చిరునామా టెస్టర్ల స్క్రీన్ మీద ఎందుకుందని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబుండాలి. కార్డుల భద్రతకు ప్రపంచమంతా పాటించే పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణమూ అంతే. అసలు వ్యవస్థకున్నంత రక్షణ లేని టెస్ట్ సర్వర్‌లో నిజమైన కార్డు నంబర్లు వాడొద్దంటుంది.

అందుకే మాస్కింగ్. అంటే డేటా ఆకారం అలాగే ఉంచి మనిషి గుర్తింపును మార్చేయడం. పేరు స్థానంలో వేరే పేరు, ఫోన్ స్థానంలో పనిచేయని నంబరు, ఈమెయిల్ స్థానంలో ఎవరికీ చేరని చిరునామా.

మూడో ప్రశ్న: అది ఎవరితో మాట్లాడుతుంది?

ప్రొడక్షన్‌ను కాపీ చేసినప్పుడు టేబుళ్లు మాత్రమే రావు. అలవాట్లు కూడా వస్తాయి. రాత్రి పన్నెండింటికి బిల్లులు పంపే జాబ్, పేమెంట్ గేట్‌వే తాళంచెవి, ఎస్ఎంఎస్ సర్వీస్ అడ్రస్, ఇంకో డేటాబేస్‌కు లింకు, ఇవన్నీ కాపీలో ఉంటాయి. తను టెస్ట్ సర్వర్‌నని ఆ కాపీకి తెలియదు. పన్నెండు కొట్టగానే నిజమైన కస్టమర్లకు ‘మీ లోన్ బాకీ ఉంది’ అని మెసేజ్‌లు పంపేస్తుంది.

2021 జూన్ 17న హెచ్‌బీవో మ్యాక్స్ చందాదారులకు ఒక వింత ఈమెయిల్ వచ్చింది. ఇంటిగ్రేషన్ టెస్ట్ మెయిల్ నంబర్ 1 అని పేరు, లోపల టెస్ట్ రాతలు. టెస్టింగ్ కోసం ఉద్దేశించిన మెయిల్ నిజం మనుషులకు వెళ్లిపోయింది. చేసింది ఇంటర్న్ అని ఆ సంస్థే ట్విట్టర్‌లో చెప్పి, అతనికి అండగా ఉన్నామంది. ప్రపంచం నలుమూలల నుంచి ఉద్యోగులు తమ మొదటి పొరపాట్లను రాసి ఆ ఇంటర్న్‌కు ధైర్యం చెప్పారు. కథ సుఖాంతమే. మరి ఆ మెయిల్‌లో బాకీ నోటీసో, బ్లడ్ రిపోర్టో ఉండి ఉంటే?

ఈ ప్రమాదం తెలిసినవాళ్లు టూల్స్‌లోనే జాగ్రత్తలు పెట్టారు. సేల్స్‌ఫోర్స్‌లో శాండ్‌బాక్స్ రిఫ్రెష్ అయితే యూజర్ల ఈమెయిల్ చివర ‘డాట్ ఇన్‌వాలిడ్’ చేరిపోతుంది, మెయిళ్లు దారి తప్పకుండా. శాప్‌లో సిస్టమ్ కాపీ తర్వాత లాజికల్ సిస్టమ్ పేర్లు మార్చడానికి బీడీఎల్ఎస్ అనే ట్రాన్సాక్షన్ ఉంది. అది చేయకపోతే టెస్ట్ వ్యవస్థ తనను ప్రొడక్షన్ అనుకునే ఉంటుంది. ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్‌లో క్లోన్ అయ్యాక వర్క్‌ఫ్లో మెయిలర్‌ను ఆపడమో, మెయిళ్లన్నీ ఒకే టెస్ట్ చిరునామాకు మళ్లించడమో చేస్తారు. పైన చెప్పిన గిట్‌ల్యాబ్‌లోనూ, స్టేజింగ్‌కు కాపీ చేశాక బయటి సర్వర్లను పిలిచే వెబ్‌హుక్‌లను తీసేసే అంచె ఉండేది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇవి చివరి రోజు ‘పోస్ట్ రిఫ్రెష్ స్టెప్స్’ అని ఒక స్లైడ్‌లో ముగిసిపోతాయి. నన్నడిగితే కోర్సు మొదలవ్వాల్సింది అక్కడ.

‘‘నిజం డేటా లేకపోతే బగ్ దొరకదు కదా?’’

ఈ వాదన చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్ల మాటలో బలముంది. స్మిత్, కింగ్ లాంటి పేర్లతో పరీక్షించిన సాఫ్ట్‌వేర్ మన పేర్ల దగ్గర తడబడుతుంది. ‘వెంకటేశ్వర్లు’ అని తెలుగులో రాయండి. యూనికోడ్ లెక్కలో 13 సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 39. ఒరాకిల్‌లో కాలమ్‌ను వార్‌క్యార్2 20 అని, బైట్ల లెక్కలో పెట్టి ఉంటే ఆ పేరు పట్టదు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, ఇనీషియల్ మాత్రమే ఉన్నవాళ్లు, ఒకే పేరున్నవాళ్లు, పుట్టినరోజు తెలియక జనవరి 1 రాయించుకున్నవాళ్లు, ఇంత వైవిధ్యం కల్పిత డేటాలో మామూలుగా ఉండదు.

పెద్ద పరిమాణంలో తప్పులు జరిగితే ఎవరు నలిగిపోతారో మన రాష్ట్రం చూసింది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షల మందికి పైగా రాసిన పరీక్షలు అవి. పరీక్ష రాసినా రాయనట్టు మెమో వచ్చినవాళ్లున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైనవాళ్ల జవాబుపత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. ఆ గందరగోళంలో మనుషుల తప్పులూ ఉన్నాయి, సాంకేతిక తప్పులూ ఉన్నాయి. కొన్ని ఇళ్లకు జరిగిన నష్టం ఏ పరిశీలనతోనూ తీరేది కాదు. కాబట్టి టెస్టింగ్ అసలుకు దగ్గరగా ఉండాలన్న మాటను నేను కాదనను.

కానీ అసలుకు దగ్గరగా ఉండటానికి అసలు మనుషులే అక్కర్లేదు. పేరు పొడవు కావాలి, ఆ మనిషి పేరు అక్కర్లేదు. 10 అంకెల ఫోన్ ఆకారం కావాలి, మోగే ఫోన్ అక్కర్లేదు. జనవరి 1 పుట్టినరోజులు ఎంత శాతమో అంత శాతం ఉండాలి, అవి ఎవరివో తెలియనక్కర్లేదు. ఇదంతా మాస్కింగ్‌తో సాధ్యమే.

అయితే మాస్కింగ్ అంటే అడ్డదిడ్డంగా అక్షరాలు మార్చేయడం కాదు. నాలుగు చిక్కులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఒకే కస్టమర్ పది టేబుళ్లలో ఉంటాడు. అన్నిచోట్లా ఒకేలా మారాలి, లేకపోతే జాయిన్లు తెగిపోతాయి.

రెండు, ఆధార్‌లో చివరి అంకె మిగతా 11 అంకెల లెక్కతో వచ్చే తనిఖీ అంకె. నోటికొచ్చిన 12 అంకెలు రాస్తే అప్లికేషన్ చాలావరకు ఒప్పుకోదు. అలాగని తనిఖీకి నిలిచే అంకెలు తయారుచేస్తే అవి నిజంగా ఎవరివో కావచ్చు. ఫోన్ నంబర్లకూ ఇదే చిక్కు. అందుకే మాస్క్ చేసినా సరే, టెస్ట్ నుంచి బయటకు దారులు మూసే ఉంచాలి. ఈమెయిల్‌కు మాత్రం సులువు. ఇలాంటి అవసరాలకే ‘ఎగ్జాంపుల్ డాట్ కామ్’ అనే డొమైన్‌ను పక్కన పెట్టి ఉంచారు.

మూడు, ఫోన్ నంబరును హ్యాష్ చేసేస్తే చాలనుకోవడం భ్రమ. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లే సాధ్యం. ఇప్పటి కంప్యూటర్ వాటన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చి, అసలు నంబరు తేలిగ్గా పట్టేస్తుంది.

నాలుగు, రిమార్క్స్ కాలమ్. కాల్ సెంటర్ వాళ్లు అందులో ‘కస్టమర్ భార్య నంబరు ఇది, సాయంత్రం చేయమన్నారు’ అని రాసి ఉంటారు. పేరు, ఫోన్ కాలమ్‌లను మాస్క్ చేసి దీన్ని వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఇంకో మాట. టెస్టింగ్‌కు ప్రతిసారీ మొత్తం డేటా అక్కర్లేదు. ఒక జిల్లా కస్టమర్లు, ఒక నెల ఆర్డర్లు తెచ్చుకుంటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. తెచ్చింది తక్కువైతే పోయేదీ తక్కువే.

లీడ్ ‘పెట్టెయ్’ అంటే?

ఇక అసలు ఇబ్బంది. మీరు చేరి మూడు నెలలైంది. ప్రొబేషన్. లీడ్ సాయంత్రం ఆ మాట అన్నాడు. నీతులు చెబితే వినే టైమ్ కాదది. ఎదురుచెప్పమని నేనూ అనను. ఒక్క ప్రశ్న అడగండి చాలు: ‘‘అన్నా, మాస్కింగ్ స్క్రిప్ట్ ఏదైనా వాడుతున్నామా? మెయిల్, ఎస్ఎంఎస్ ఆఫ్ చేసే లిస్ట్ ఎక్కడుంది?’’ ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. పని నేర్చుకోవాలనుకునే జూనియర్ అడిగే ప్రశ్నే ఇది.

‘అవన్నీ లేవు, చేసెయ్’ అంటే అదే సంగతి టికెట్‌లోనో మెయిల్‌లోనో మర్యాదగా రాసి, ఆమోదం అడగండి. ‘ఈ రిఫ్రెష్‌లో కస్టమర్ ఫోన్, చిరునామా మాస్కింగ్ లేకుండా వస్తాయి, కొనసాగించమంటారా?’ అని రెండు లైన్లు. ఎదురుగా నిలబడి తేలిగ్గా చెప్పిన మాటను రాతలో చెప్పడానికి చాలామంది ఒక నిమిషం ఆలోచిస్తారు. ఆ ఒక్క నిమిషం చాలు. కాపీ అయ్యాక డంప్ ఫైల్‌ను తుడిచేయడం మర్చిపోవద్దు. ప్రత్యేకంగా ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే డేటా పంప్ ఫైల్‌లో వివరాలకు ఏ తాళమూ ఉండదు. అది మీ ల్యాప్‌టాప్‌లోకి అసలు రాకూడదు.

ఇవన్నీ పెద్ద పదవిలో ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి కదా, ఫ్రెషర్ మీద భారం ఎందుకు అనొచ్చు. నిజమే, పద్ధతి పెట్టాల్సింది సంస్థ. గిట్‌ల్యాబ్ ఆ రాత్రి సంగతంతా దాచకుండా బయటపెట్టి, మనిషిని కాకుండా పద్ధతిలోని లోపాలను వెతికింది. మంచి సంస్థలు అలాగే చేస్తాయి. కానీ అన్ని చోట్లా ఆ గుణం ఉండదు. తేడా వచ్చిన రోజు లాగ్‌లో కనిపించేది కమాండ్ కొట్టినవాడి ఐడీ. అందుకే తెలిసి ఉండటం మీకే మంచిది.

ఇన్‌స్టిట్యూట్లకు ఒక మాట

అమీర్‌పేటను వెక్కిరించడం ఫ్యాషన్ అయిపోయింది. నేను ఆ పని చేయను. జిల్లాల నుంచి వచ్చి, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండి, కొన్ని నెలల్లో ఉద్యోగానికి సిద్ధమైనవాళ్లు ఎంతమందో! ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లలో దొరకని పనితనం ఇక్కడ చాలామందికి తక్కువ ఫీజులో దొరికింది. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను. 45 రోజుల కోర్సులో రెండు రోజులు డేటా మర్యాదకు ఇవ్వండి. 14 వరుసల ఈఎంపీ తర్వాత, కల్పించిన లక్ష వరుసల తెలుగు పేర్ల టేబుల్ ఇచ్చి దాన్ని మాస్క్ చేయమనండి.

విద్యార్థులకు కూడా ఒక జాగ్రత్త. ‘రియల్ టైమ్ ప్రాజెక్ట్’ పేరుతో ఎవరైనా నిజమైన కంపెనీ డంప్‌ను పెన్‌డ్రైవ్‌లో ఇస్తే సంబరపడకండి. అది ఎక్కడిదని అడగండి. అందులో ఫోన్ నంబర్లు కనిపిస్తే తీసుకోకండి. ఎవరి ఇంట్లోంచో వచ్చిన వస్తువుతో చేసిన ప్రాజెక్టు రెజ్యూమెకు బలం కాదు.

ఈ నెలలోనే చేయగలిగింది

దీనికి పెద్ద సర్వర్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ చాలు. పోస్ట్‌గ్రెస్ ఉచితం, ఒరాకిల్‌కూ ఉచిత ఎడిషన్ ఉంది.

రెండు డేటాబేస్‌లు పెట్టుకోండి. ఒకదాని పేరు ప్రొడ్, ఇంకోదాని పేరు టెస్ట్. ప్రొడ్‌లో కస్టమర్లు, ఆర్డర్లు, పేమెంట్లు అని మూడు టేబుళ్లు పెట్టి, మీరే కల్పించిన వెయ్యి వరుసలు నింపండి. కొన్ని పేర్లు తెలుగు లిపిలో, కొన్ని ఖాళీగా, ఒకటి రెండు ఫిబ్రవరి 29 పుట్టినరోజులు ఉండాలి. ప్రొడ్‌లో చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌తో డంప్ తీయండి. ముందు వేరేచోట దించి, మాస్క్ చేసి, ఆ తర్వాతే టెస్ట్‌లోకి పంపండి. వరుసల లెక్క రెండు వైపులా సరిపోయిందో చూడండి. జాయిన్లు తెగలేదని చూడండి. ప్రొడ్‌లోని ఏ ఒక్క ఫోన్ నంబరైనా టెస్ట్‌లో మిగిలిందేమో క్వెరీ రాసి వెతకండి. చివరగా డంప్ ఫైల్ తుడిచేయండి. ఎంత టైమ్ పట్టిందో రాసుకోండి. మొత్తాన్ని ఒక స్క్రిప్ట్‌గా చేసి, ఒక పేజీ వివరణతో గిట్‌హబ్‌లో పెట్టండి.

రెజ్యూమెలో దాన్ని ‘సొంత సాధన ప్రాజెక్టు’ అనే రాయండి. లేని అనుభవాన్ని రెండేళ్లని రాసుకోవడం కంటే ఇది ఎక్కువ బరువు తూగుతుంది. ఎందుకంటే తర్వాతి పది ప్రశ్నలకు మీ దగ్గర నిజమైన జవాబులుంటాయి. ‘రిఫ్రెష్ ఎలా చేస్తారు’ అని అడిగినప్పుడు ఇలా మొదలుపెట్టండి: ‘‘సార్, ముందు అందులో ఎవరి వివరాలున్నాయో చూస్తాను. ఏవి మాస్క్ చేయాలో, ఏ జాబ్‌లు ఆపాలో లిస్ట్ రాసుకుంటాను. తర్వాత కాపీ.’’ ఎదుటి వ్యక్తి ఈ పని నిజంగా చేసినవాడైతే మీ వైపు ఇంకోసారి చూస్తాడు.

ఒక్క సంగతి మర్చిపోవద్దు. ఉద్యోగం కోసం మీరు ఎన్ని పోర్టళ్లలో రెజ్యూమె పెట్టారు? ఎన్ని కన్సల్టెన్సీలకు ఆధార్ జిరాక్స్ ఇచ్చారు? ‘బ్యాక్‌డోర్ ఉద్యోగం ఉంది, డిపాజిట్ కట్టండి’ అని మీ పేరు పెట్టి పిలిచే ఫోన్లు ఊరికే రావు. ఎక్కడో ఒక టేబుల్‌లో మీరూ ఒక వరుసే. ఆ టేబుల్‌ను ఈ రాత్రి టెస్ట్ సర్వర్‌కు కాపీ చేస్తున్నది కూడా బహుశా మీలాంటి కొత్త కుర్రాడో, అమ్మాయో అయి ఉంటుంది. వాళ్లు మీ నంబరు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలని కోరుకుంటారో, రేపు మీ చేతికొచ్చే నంబర్ల విషయంలో మీరూ అంతే జాగ్రత్తగా ఉండండి.